తలలో ‘నరం’ చిట్లిందంటే...

‘తలలో నరం చిట్లిందట’ అనే మాట మీరూ వినే ఉంటారు. నిజానికి చిట్లేది నరం కాదు, రక్తనాళం. బీపీ ఉన్న పెద్దవాళ్లకే ఈ ముప్పు అనుకుంటాం. కానీ మెదడులో రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడి ఉంటే కాలేజీకి వెళ్లే పిల్లలకూ రావచ్చు. ఈ చిక్కుముడినే ఆర్టీరియోవీనస్ మాల్‌ఫార్మేషన్, క్లుప్తంగా ఏవీఎం అంటారు.

అసలేం జరుగుతుంది?

డెల్టాలో ఉండేవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. బందరు కాలువ నీళ్లు పిల్ల కాలువలకు, పంట బోదెలకు మళ్లి పొలాన్ని తడుపుతాయి. మిగిలినవి నెమ్మదిగా మురుగు కాలువకు చేరతాయి. మెదడులోనూ అంతే. ధమనుల్లో జోరుగా వచ్చే రక్తం సన్నటి కేశనాళికల్లో నెమ్మదించి సిరల్లోకి వెళుతుంది. ఏవీఎం ఉన్నచోట ఈ ‘బోదెలు’ ఉండవు. ధమని నేరుగా సిరలో కలుస్తుంది. ఆ ఒత్తిడికి పలుచని గోడ చిట్లితే రక్తస్రావమే. ఇలా జరిగే అవకాశం ఏడాదికి సుమారు 2 నుంచి 4 శాతం.

ఈ లక్షణాలను వదిలేయొద్దు

* మొదటిసారి ఫిట్స్ రావటం. చేతిలో తాళంచెవి పెట్టి, ‘గాలి సోకింది’ అని ఊరుకోవద్దు. న్యూరాలజిస్టుకు చూపించి, ఎంఆర్ఐ అవసరమేమో అడగండి.
* ఎన్నడూ లేనంత తీవ్రంగా, ఉన్నట్టుండి తలనొప్పి మొదలవటం.
* దాంతోపాటు వాంతులు, మెడ పట్టేయటం, మాట తడబడటం, కాలూ చేయీ పడిపోవటం, స్పృహ తప్పటం.

తలనొప్పులన్నీ ఏవీఎం కాదు. మామూలుగా వచ్చేది మైగ్రేన్ వంటిదే. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

వెంటనే ఏం చేయాలి?

వెంటనే 108కు ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, పసరు పోయొద్దు. ‘పక్షవాతమేమో’ అని ఆస్పిరిన్ అసలే ఇవ్వొద్దు. అది గడ్డ వల్ల వచ్చిందా, రక్తస్రావమా అన్నది సీటీ స్కాన్‌లోనే తేలుతుంది. రక్తస్రావమైతే ఆ బిళ్ల మరింత చేటు చేస్తుంది.

గుడివాడ నుంచి విజయవాడకు 40 కిలోమీటర్ల పైనే. మచిలీపట్నం నుంచి దాదాపు 70. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు వాళ్లకు ప్రయాణం ఇంకా ఎక్కువ. అందుకే సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని, నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. శ్వాస సరిగా ఆడకపోతే మాత్రం ముందు దగ్గర్లోని ఆసుపత్రికే వెళ్లాలి.

చికిత్స ఉందా?

ఉంది. ఆపరేషన్‌తో తొలగించొచ్చు. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, జిగురులాంటి మందుతో మూసేయొచ్చు. చిన్న ఏవీఎంలకు గామా నైఫ్ రేడియేషన్ ఉపయోగపడుతుంది. కానీ పూర్తిగా మూసుకోవటానికి 2, 3 ఏళ్లు పడుతుంది. చిట్లని ఏవీఎంలన్నిటికీ చికిత్స అవసరం లేదు. వయసు, ఏవీఎం పరిమాణం, అది ఉన్న చోటును బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు. ఖర్చుకు ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. పాత స్కాన్ ఫిల్ములు, సీడీలు పారేయకుండా వెంట తీసుకెళ్లండి.