వార్తల్లో పదం: ఎయిడెడ్ బడి

అమెరికాలో చార్టర్ స్కూలంటే సర్కారు సొమ్ముతో, స్వతంత్ర బోర్డు నడిపే బడి. 1991లో మిన్నెసోటా తొలి చట్టం చేసింది. మన దగ్గర దానికి దగ్గరి బంధువు ఎయిడెడ్ బడి: స్థలం, భవనం దాతలవో మిషన్లవో, మంజూరైన పోస్టుల్లోని టీచర్ల జీతం ప్రభుత్వానిది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పెద్దలకు ఈ మాట కొత్తేం కాదు.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ బడుల యాజమాన్యాలతో, ఆస్తులతో సహా బడి అప్పగించండి, లేదా సిబ్బందిని ఇచ్చేసి ఎయిడ్ వదులుకోండి అంది. మరి పిల్లలు? ఎయిడ్ పోతే ఫీజులు పెరుగుతాయన్న భయంతో విశాఖలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరులో ప్రభుత్వం, ఎయిడ్‌తోనే కొనసాగే వీలూ ఇచ్చింది.

అయినా ఈ బడులకు అసలు దెబ్బ భర్తీ కాని పోస్టులది. లెక్కల మాస్టారు రిటైరైతే యాజమాన్యమే జీతమిచ్చి ఎవరినైనా పెట్టుకోవాలి, లేదా సోషల్ టీచరే టెన్త్ లెక్కలు చెప్పాలి.