కొల్లేటి నడుమ టిన్ను నీళ్లు

మా పిన్ని మొక్కు తీర్చుకోవడానికని ఫాల్గుణంలో కొల్లేటికోట వెళ్లాం. కైకలూరు దాటాక ఎటు చూసినా నీళ్లే. పెద్దింట్లమ్మ గుడి దగ్గర వేడి నైవేద్యానికి పొయ్యి వెలిగించి, బిందె ముంచబోతుంటే ఆ ఊరావిడ ఒకామె చెయ్యి పట్టుకు ఆపింది. "ఆ నీళ్లొద్దండీ, ఇవి పొయ్యండి" అంటూ టిన్ను తెచ్చిచ్చింది. కొనుక్కున్న నీళ్లు! చుట్టూ సరస్సున్న లంకలో!

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు సముద్రంలో కలవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. వానలు ఎక్కువైతే లంక ఊళ్లకు రోడ్డుండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మళ్లీ పడవలే దిక్కయ్యాయి.

ఉప్పుటేరుకో కథ ఉంది. గజపతుల కాలంలో ఇక్కడ కోట ఉండేదట. సరస్సు ఎండితే కోట దొరుకుతుందని శత్రువులు సముద్రం దాకా కాలువ తవ్వించారట. కోటలోని సేనాని గెలుపు కోసం కన్నకూతుర్నే బలిచ్చాడట! ఆ కాలువే పేరంటాల కనుమ. యుద్ధం మగవాళ్లది, ప్రాణం ఆడపిల్లది. ఆ పిల్ల అసలు పేరేమిటో నేను విన్న కథలో లేదు.

"మా అత్తగారి రోజుల్లో ఈ నీళ్లే తాగేవారండీ" అంది ఆవిడ. తర్వాత చేపల చెరువులొచ్చాయి. పట్టణాల మురుగు, పొలాల మందులు వచ్చి చేరాయి. 1999లో ఐదో కాంటూరు వరకూ 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో చెరువు గట్లు కొట్టేశారు. "పక్షులకి చోటు కావాలి, నిజమే. మరి మా కూలి?" అన్న ఆవిడ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

తిరుగు దారిలో ఆటపాక ఆగాం. మా పిల్లలు సైబీరియా కొంగలంటూ కేరింతలు. అవి గూడబాతులు, మన పక్షులే! చెట్లు చాలక ఇనుప మంచెలు కట్టిస్తే వాటిమీదే గూళ్లు పెట్టుకుని, పిల్లల నోళ్లకు చేపలు అందిస్తున్నాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదంటే నమ్మండి.

అన్నట్టు, ఆ టిన్నుకి డబ్బులిస్తే ఆవిడ పుచ్చుకోలేదు. "అమ్మవారికి కదండీ!" అంది. పిన్ని పొంగలి మొదటి గరిటె అమ్మవారికి పెట్టి, రెండోది ఆవిడ గిన్నెలో వేసింది.