ముఖంలో నవ్వు కాపాడే కొలువు

బైపీసీ చదివారు. నీట్ రాశారు. ఎంబీబీఎస్ సీటు రాలేదు. ‘ఇంకేటి చేస్తాం, ఏదో ఒక డిగ్రీలో చేరిపోదాం’ అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లడానికి డాక్టరు కావడం ఒక్కటే దారి కాదు.

నందిగాం, టెక్కలి, పలాస వైపు విద్యార్థులకు డయాలసిస్ టెక్నీషియన్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బు ఆ మాటను ఇంటింటికీ తెచ్చింది. సోంపేట, కవిటి, పలాసల్లో డయాలసిస్ కేంద్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. డాక్టరు ఎంత గొప్పవాడైనా, మెషీన్ దగ్గర తెలిసిన మనిషి లేకపోతే పని జరగదని అక్కడ అందరూ చూశారు. సరిగ్గా అలాంటి మనుషులే మరో చోటా కావాలి. అదే పుర్రె అడుగు భాగంలో వచ్చే కణుతులకు చేసే ఆపరేషన్. దీన్నే స్కల్ బేస్ సర్జరీ అంటారు.

అక్కడ అంత కష్టమేంటి?

మెదడుకు పీటలాంటిది పుర్రె అడుగు ఎముక. చూపు, వినికిడి, మింగడం, ముఖ కదలికలు... వీటన్నింటినీ నడిపే 12 జతల కపాల నాడులూ ఆ ఎముకలోని రంధ్రాల గుండానే వెళ్తాయి. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనుల దారీ అదే. ఇక్కడ పుట్టే కణుతుల్లో చాలావరకు క్యాన్సర్ కాదు. అయినా చోటు ఇరుకు కాబట్టి కొంచెం పెరిగినా నాడుల్ని నొక్కేస్తాయి. పిట్యూటరీ గ్రంథిలో గడ్డ పెరిగితే రెండు పక్కలా చూపు మసకబారొచ్చు. వినికిడి నాడి దగ్గర వచ్చే వెస్టిబ్యులర్ ష్వానోమా అయితే తరచూ ‘ఫోన్ ఈ చెవికి పెడితే వినపడట్లేదు’ అన్న చిన్న మాటతో బయటపడుతుంది.

1907లో ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ ష్లోఫర్ ముక్కు దారిలో వెళ్లి పిట్యూటరీ గడ్డకు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు అదే దారిలో పెన్సిల్ కంటే సన్నని, 4 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ పంపి, తెరమీద చూస్తూ చేస్తున్నారు. మనదేశంలో 1949లో వెల్లూరు సీఎంసీలో డాక్టర్ జాకబ్ చాందీ న్యూరోసర్జరీకి పునాది వేశారు. 1950ల్లో విశాఖ కేజీహెచ్‌లో డాక్టర్ బాలపరమేశ్వరరావు ఆ విభాగాన్ని నిలబెట్టారు.

‘సార్, నాడి అక్కడే ఉంది’

ఇప్పుడు థియేటర్‌లోకి రండి. వినికిడి నాడి మీది గడ్డను తీస్తున్నారు. ముఖాన్ని కదిలించే నాడి ఆ గడ్డకు అతుక్కుపోయి, సాగి, కంటికి సరిగా ఆనకుండా ఉంటుంది. అది తెగిందా, పేషెంటు ముఖం ఒకవైపు జారిపోతుంది. కన్ను మూసుకోదు. నవ్వు వంకరపోతుంది.

అందుకే ఆపరేషన్‌కు ముందే ముఖ కండరాల్లో సన్నని సూదులు అమర్చి మెషీన్‌కు కలుపుతారు. సర్జన్ సన్నని విద్యుత్ ప్రోబ్‌తో తాకగానే కండరం స్పందిస్తే తెరమీద గీత లేస్తుంది. ఆ గీతను గంటల తరబడి చూస్తూ ‘సార్, నాడి అక్కడే ఉంది’ అని చెప్పే వ్యక్తే న్యూరోఫిజియాలజీ టెక్నాలజిస్ట్. ఆ సమయంలో కండరాల్ని సడలించే మందు ఇస్తే గీత రాదు. కాబట్టి మత్తు డాక్టరుకు సాయపడే అనస్థీషియా టెక్నాలజిస్ట్‌కూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇంకా ఎవరెవరున్నారంటే... గడ్డ ఎక్కడుందో సర్జన్‌కు దారి చూపే సీటీ, ఎంఆర్ఐ చిత్రాలు తీసే ఇమేజింగ్ టెక్నాలజిస్ట్. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా వినికిడి కొలిచే ఆడియాలజిస్ట్. మింగలేని పేషెంటుకు మళ్లీ మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్ట్. తూలకుండా నడిపించే ఫిజియోథెరపిస్ట్. మిగిలిపోయిన గడ్డకు రేడియేషన్ మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్ట్.

మీరు వెళ్లాలంటే...

బైపీసీ వాళ్లకు: విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో అనస్థీషియా-ఆపరేషన్ థియేటర్, ఇమేజింగ్, న్యూరోఫిజియాలజీ టెక్నాలజీల్లో బీఎస్సీ కోర్సులున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ క్లినికల్ న్యూరోఫిజియాలజీ బీఎస్సీ ఉంది. త్వరగా ఉద్యోగం కావాలనుకుంటే రాష్ట్ర పారామెడికల్ బోర్డు డిప్లొమాలు చూడండి.

వినికిడి, మాట చికిత్సకు: బీఏఎస్ఎల్‌పీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో ఎంపీసీ వాళ్లకూ అవకాశం ఉంటుంది. ప్రాక్టీసుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఫిజిక్స్ వాళ్లకు: ఎమ్మెస్సీ తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం ఇచ్చే ఏడాది డిప్లొమా ఇన్ రేడియలాజికల్ ఫిజిక్స్‌తో మెడికల్ ఫిజిసిస్ట్ కావచ్చు.

చేరేముందు ఇవి అడగండి

నిజం చెప్పుకోవాలి. ఈ ఉద్యోగాలు నందిగాంలో దొరకవు. విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వెళ్లాలి. మొదట్లో జీతం ఊరించేలా ఉండదు. ఆపరేషన్ రోజంతా సాగితే మీరూ రోజంతా ఉండాలి. అయితే నాడుల పర్యవేక్షణ నేర్చినవాళ్లకు వెన్నెముక, థైరాయిడ్ ఆపరేషన్లలోనూ పని ఉంటుంది. పని చేతికొస్తే ఖాళీగా కూర్చునే పరిస్థితి తక్కువ.

‘వందశాతం ఉద్యోగం’ అన్న బోర్డు చూసి ఫీజు కట్టొద్దు. మూడు ప్రశ్నలు వేయండి. సర్టిఫికెట్ ఏ విశ్వవిద్యాలయం లేదా బోర్డు ఇస్తుంది? శిక్షణ ఏ ఆసుపత్రిలో? అక్కడ న్యూరోసర్జరీ నిజంగా జరుగుతోందా? మూడోదానికి జవాబు నసిగితే లేచి వచ్చేయండి. అనుబంధ ఆరోగ్య వృత్తులకు 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. గుర్తింపు లేని కోర్సు చేసినవాళ్లకే రేపు ఇబ్బంది.

చివరిగా ఒక మాట. మీ వీధిలో ఎవరైనా ‘ఒక్క చెవే వినపడట్లేదు, హోరుమంటోంది’ అంటే, వయసు మీద పడిందని వదిలేయకండి. వినికిడి పరీక్ష చేయించమని చెప్పండి. ఏ కాలేజీలో చేరకముందే, ఈ వృత్తిలో మీరు చేయగలిగే మొదటి పని అదే.