ఒడ్డున పడిన ప్రాణికి ఇల్లు ఎవరిస్తారు?



మన రాయికల్‌కు సముద్రం చాలా దూరం. మనకు తెలిసిన నీళ్లు చెరువు, బావి, గోదావరి. అయినా సముద్రపు ఒడ్డున జరిగిన రెండు సంగతులు మీ ముందు ఉంచాలని ఆశిస్తున్నాము.

తిమింగలము, డాల్ఫిన్ చూపునకు చేపలవలె ఉన్నా చేపలు కావు. పిల్లలను కని పాలిచ్చి పెంచుతాయి. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. అయినను ఒడ్డున పడితే బ్రదకలేవు. నీటిలో తేలే ఆ పెద్ద శరీరం ఇసుకమీదికి రాగానే, దాని బరువే దాని ఊపిరితిత్తులను నొక్కివేస్తుంది. చర్మం కింద ఉన్న దట్టమైన కొవ్వువల్ల ఒంటి వేడి బయటికి పోదు. అందుకే రక్షించేవారు మొదట తడి గుడ్డలు కప్పి నీళ్లు పోస్తారు. తలమీద ఉన్న ముక్కురంధ్రమును మాత్రం మూయరు. తోక పట్టి లాగరు.

2016 జనవరిలో తమిళనాడులోని తిరుచెందూరు, మణపాడు తీరాన 80కి పైగా పైలట్ తిమింగలములు ఒడ్డున పడ్డాయి. జాలరులు, అధికారులు ఎంతో శ్రమించి వాటిని సముద్రంలోకి పంపారు. కాని కొన్ని మళ్లీ ఒడ్డుకే వచ్చాయి. ఆ జాతి గుంపుగా బ్రదుకుతుంది; కష్టంలో ఉన్న తోటిదానిని సులువుగా విడిచిపోదు. 40కి పైగా చనిపోయాయి. నీటిలోకి నెట్టినంత మాత్రాన రక్షణ పూర్తి కాదని ఆ తీరం మనకు నేర్పుతున్నది.

రెండవది అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగినది. 2005 డిసెంబరులో కొద్ది నెలల డాల్ఫిన్ పిల్ల పీతల బోను తాడులో చిక్కుకొన్నది. ఒక జాలరి దానిని చూచి సహాయం పిలిచాడు. ప్రాణం దక్కింది గాని తోక ఊడిపోయింది. తోకలేని పిల్ల, తల్లిలేని పిల్ల సముద్రంలో ఎలా బ్రదుకుతుంది? క్లియర్‌వాటర్ పట్టణంలోని సముద్ర జంతుశాలవారు దానికి వింటర్ అని పేరుపెట్టి శాశ్వతంగా ఉంచుకున్నారు. అది చేపవలె పక్కకు ఊగుతూ ఈదడం నేర్చుకుంది. దానివల్ల వెన్నెముక వంగిపోతున్నదని గ్రహించి, మనుష్యులకు కృత్రిమ కాళ్లు చేసే నిపుణులు దానికి కృత్రిమ తోక చేశారు. దాని లేత చర్మం ఒరుసుకుపోకుండా తయారుచేసిన మెత్తని తొడుగు తరువాత కాళ్లు పోయిన మనుష్యులకు కూడ ఉపయోగపడింది. 2010లో తల్లిని కోల్పోయిన మరొక పిల్ల దొరికితే, హోప్ అని పేరుపెట్టి వింటర్‌కు తోడుగా ఉంచారు. 2021 నవంబరులో వింటర్ చనిపోయింది. రక్షించడం ఒక్క దినపు పని. పోషించడం దాదాపు 16 ఏండ్ల పని!

తిరిగి వెళ్లగల ప్రాణిని సముద్రానికే పంపాలి. ఆశ్రయమివ్వడం వేరు, ఆటలాడించుటకు బంధించడం వేరు. డాల్ఫిన్లను వినోదానికి ఉంచరాదని మన కేంద్ర ప్రభుత్వము 2013లో చెప్పింది.

మంచి సమరయుని జ్ఞాపకము చేసికొనండి (లూకా 10:34,35). అతడు గాయములు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్ల ఇంటిలో చేర్చి, ఖర్చు ఇచ్చి, మరల వస్తానన్నాడు. మనము గాయములు కట్టేవరకే చదువుతాము.

గల్ఫ్‌లో నడుము విరిగి తిరిగివచ్చిన ఒక సహోదరుని కోసం మన సంఘమంతా చందాలు వేసి, శంషాబాదు నుండి బండిలో తెచ్చుకున్నాము. మొదటి వారం ఇంటినిండా జనం. మూడు నెలల తరువాత మేము వెళ్లినప్పుడు ఆయన, "అయ్యగారూ, తీస్కచ్చిండ్రు, మల్ల మర్సిపోయిండ్రు" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు వారానికొక కుటుంబం వంతున ఆ ఇంటికి వెళ్తున్నది. మీ ఊరిలో అట్టివారు ఎవరు? ఈ వారం ఎవరి వంతు?

మహా మత్స్యములను సృజించిన దేవుడు (ఆది 1:21) మనకు ఓపికగల ప్రేమను దయచేయును గాక. ఆమేన్.