బ్లీచింగ్ పౌడర్ ట్యాంకులో పడాలి

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం ముగించుకొని జనం ఆదమరచి నిద్రపోతున్న వేళ, మహారాష్ట్ర లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూమి కంపించింది. బరువైన రాతిగోడలు పడుకున్నవాళ్ళ మీదే కూలాయి. సుమారు పదివేల మంది చనిపోయారు. ఆ అదురు హైదరాబాదులోనూ తెలిసింది. మన ప్రాంతంలోని కాణిపాకం, ఐరాల ఉన్న ద్వీపకల్పపు గట్టి నేల మీదే కిల్లారి కూడా ఉంది. ఇక్కడ పెద్ద భూకంపాలు రావని అప్పటిదాకా నమ్మిన నేల అది.

ఇలాంటి చోటికి సాయం చేయడానికి వెళ్ళే కుర్రవాళ్ళ చేతికి మొదట అందేది బ్లీచింగ్ పౌడర్ బస్తా. శిథిలాల చుట్టూ, రోడ్ల అంచుల్లో తెల్లగా చల్లుకుంటూ పోతారు. శవాల నుంచి అంటురోగాలు లేస్తాయన్న భయమే దానికి కారణం. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత శవాలను సామూహికంగా దహనం చేసిన రోజుల్లోనూ ఆ భయం ఉంది, ఇప్పటికీ పోలేదు. దానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ళ తరబడి చెబుతోంది. గోడ కింద నలిగి పోయినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు క్షణం దాకా ఆరోగ్యవంతులే. ఒంట్లో లేని కలరా చనిపోయాక పుట్టుకురాదు. శవాలను మోసేవాళ్ళు గ్లౌజులు వేసుకోవాలి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బావిలోనో చెరువులోనో శవం ఉంటే వెంటనే తీయాలి. ఈ జాగ్రత్తలు చాలు. ఎవరో గుర్తించకుండా హడావిడిగా కాల్చేస్తే మాత్రం అయినవాళ్ళకు కడచూపు దక్కదు, చనిపోయారో లేదో కూడా తేలదు. ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

అసలు ముప్పు బతికి బయటపడ్డవాళ్ళ మలం నుంచి వస్తుంది. ఒకే మైదానంలో వేలమంది గుడారాలు వేసుకుంటారు. పైపులు పగిలి ఉంటాయి, మరుగుదొడ్లు కూలి ఉంటాయి. 2010 జనవరి 12 భూకంపంలో హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ చాలావరకు కూలిపోయింది. ఆ నగరానికి అంతకుముందు కూడా భూగర్భ మురుగునీటి వ్యవస్థ లేదు. అక్టోబరులో కలరా వచ్చింది. భూకంపం దాన్ని పుట్టించలేదు. మిర్‌బలే దగ్గర ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరం నుంచి వచ్చిన మురుగు ఆర్టిబొనైట్ నదికి చేరింది, ఆ నీళ్ళు తాగిన ఊళ్ళన్నీ మంచం పట్టాయి. తర్వాతి ఏళ్ళలో ఎనిమిది లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, దాదాపు పదివేల మంది చనిపోయారు. ఇందులో నేను మరిచిపోలేని సంగతి ఒకటుంది. మొదటి నెలల్లో రాజధానిలోని గుడారాల శిబిరాల్లో కలరా తక్కువగా, బయటి బస్తీల్లో ఎక్కువగా కనిపించింది. శిబిరాలకు క్లోరిన్ కలిపిన నీళ్ళు, మరుగుదొడ్లు అందాయి. బస్తీలను పట్టించుకున్నవాళ్ళు లేరు.

కాబట్టి ఆ బ్లీచింగ్ పౌడర్ బస్తా రోడ్డు మీదికి పోకూడదు. మట్టి మీద, చెత్త మీద పడిన క్లోరిన్ వాటిలోని సేంద్రియ పదార్థంతోనే కలిసి ఖర్చైపోతుంది. అదే క్లోరిన్ తేట నీళ్ళలో కలిస్తే హైపోక్లోరస్ ఆమ్లంగా మారి, సూక్ష్మజీవి పొరను దాటి లోపలికి వెళ్ళి దాన్ని చంపుతుంది. వెయ్యి లీటర్ల తేట నీటికి మంచి పౌడర్ రెండున్నర గ్రాములు సరిపోతుంది. నీళ్ళు మడ్డిగా ఉంటే ముందు తేరనివ్వాలి. పౌడర్‌ను బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగి క్లోరోస్కోప్‌తో పరీక్షించాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. బస్తా మూతి విప్పి ఎండలో వదిలేస్తే పౌడర్ సత్తువ పోతుంది, అప్పుడు ఏ లెక్కా నిలవదు. మన ఓవర్‌హెడ్ ట్యాంకులో మందు కలిపే పంచాయతీ మనిషికి ఈ పనంతా తెలుసు. ఐరాల నుంచి ఎప్పుడైనా సహాయ బృందం బయల్దేరితే అందులో ఆయనకు మొదటి చోటు ఇవ్వాలంటాను.

మరుగుదొడ్డి గుంతలకూ కొలతలున్నాయి. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మొదటి రోజుల్లో యాభై మందికి ఒకటి, కుదురుకున్నాక ఇరవై మందికి ఒకటి ఉండాలి. నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో తవ్వాలి, గుంత అడుగు భూగర్భ జలమట్టానికి మీటరున్నర పైన ఉండాలి. ఈ లెక్క మట్టి నేలలకు. మట్టి పొరల్లో నీరు మెల్లగా ఇంకుతూ వడకట్టుకుంటుంది, సూక్ష్మజీవులు దారిలోనే చాలావరకు చిక్కుకుపోతాయి. ఐరాల మండలం లాంటి గ్రానైటు నేలలో అలా జరగదు. ఇక్కడ బోరుకు నీరొచ్చేదే రాతి పగుళ్ళ నుంచి. అదే పగులు గుంతలోని మురుగునూ వడకట్టకుండా బోరుకు చేర్చగలదు. అందుకే చీలికల రాతినేలలో దూరం ఇంకా పెంచమని ఆ ప్రమాణాలే చెబుతాయి. భూకంపం లేకున్నా, బోరు పక్కనే సెప్టిక్ ట్యాంకు కట్టుకున్న ఇళ్ళకు ఇది ఇవాళే వర్తిస్తుంది.

గుంత తవ్వగానే పని అయిపోదు. చీకట్లో దూరంగా, గడియ లేని తలుపుతో కట్టిన దొడ్డికి ఆడవాళ్ళు వెళ్ళరు. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు, అన్నం తగ్గిస్తారు. ఎక్కడ కట్టాలో వాళ్ళనే అడగాలి. దీపం, గడియ, నెలసరి గుడ్డలు ఉతుక్కునే మరుగు, పక్కనే నీళ్ళు, సబ్బు ఉండాలి. చిన్నపిల్లల మలం హానిచేయదని బయట పారేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అందులోనూ రోగకారకాలు ఉంటాయి కాబట్టి దాన్నీ గుంతలోనే వేయించాలి. సబ్బుతో చేతులు కడుక్కోవడం వల్ల విరేచనాలు దాదాపు మూడోవంతు తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. సహాయ సామగ్రి లారీలో బట్టల మూటల పక్కన సబ్బుల పెట్టెకు చోటు తప్పకుండా ఉంచాలి.