నిత్యవ్యవహార సందేశాలలో ఫిషింగ్ మోసాలు: గుర్తింపు, నివారణ

వ్యాససంగ్రహం:
అక్షరదోషాలను బట్టి మోసపూరిత సందేశాన్ని పసిగట్టవచ్చన్న సలహా నేడు చాలదు. సందేశం ఎవరి పేరుతో వచ్చిందన్న దానికంటే, అది చదువరిని ఏ పని చేయమంటున్నదన్న దానిని పరిశీలించడమే నమ్మదగిన పద్ధతి. విద్యుత్ బిల్లులు, శుభలేఖలు, విద్యాసంస్థల ఈ-మెయిళ్లు ఆధారంగా ఆ పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫిషింగ్, ఓటీపీ, డొమైన్, ఏపీకే, సైబర్ నేరం.

1. ప్రవేశిక:
1990ల మధ్యకాలంలో అమెరికా ఆన్‌లైన్ సేవల వాడుకదారుల పాస్‌వర్డులను కాజేసిన సందర్భంలో 'ఫిషింగ్' అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది. చేపలు పట్టడం అన్న అర్థంగల ఆంగ్లపదానికి వర్ణక్రమం మార్చగా ఏర్పడిన రూపమిది. తెలుగులో 'గాలం వేయడం' అన్న వాడుక దీనికి దగ్గరగా ఉంటుంది. గాలంలో ఎర పైకి కనిపిస్తుంది, కొక్కెం కనిపించదు. సందేశంలోనూ కొక్కెం ఎక్కడున్నదో గుర్తించడమే ప్రధాన సమస్య.

2. సందేశ నిర్మాణం:
"గత నెల బిల్లు నమోదు కానందున ఈ రాత్రి 9:30కి మీ విద్యుత్ కనెక్షన్ తొలగించబడును. వెంటనే ఈ నంబరును సంప్రదించండి" అన్న తరహా సందేశాలు విస్తృతంగా ప్రచారమయ్యాయి. ఇందులో మూడు భాగాలున్నాయి: భయం కలిగించే కారణం, ఆలోచనకు వ్యవధి ఇవ్వని గడువు, చేయవలసిన పని. 'తొలగించబడును' అన్న కర్మణి ప్రయోగంలో కర్త లోపించాడు. తొలగించేది ఎవరు, ఏ సర్వీసు నంబరుపై, ఏ అధికారంతో అన్న ప్రశ్నలకు సమాధానం లేదు. అయితే నిజమైన కార్యాలయాలు కూడా ఇదే శైలిలో రాస్తాయి. కాబట్టి శైలి అనుమానానికి ఆధారమే తప్ప నిర్ధారణకు కాదు.

నిర్ధారణకు తోడ్పడేది చివరి విధ్యర్థక క్రియ: చెప్పండి, నొక్కండి, ఇన్‌స్టాల్ చేయండి, పంపండి. ఓటీపీ, పిన్ వంటి రహస్యాన్ని చెప్పమనడం, లంకె ద్వారా ఖాతా వివరాలు నింపమనడం, తెలియని యాప్‌ను ఎక్కించుకోమనడం, సొమ్ము పంపమనడం అన్న నాలుగింటిలో ఏది కనిపించినా అక్కడ ఆగాలి. యూపీఐలో సొమ్ము స్వీకరించడానికి పిన్ అవసరం లేదు. 'డబ్బు అందుకోవడానికి పిన్ నమోదు చేయండి' అన్న వాక్యం దానంతటదే మోసానికి రుజువు.

పరిచయస్థుల నుండి వచ్చినదైతే నమ్మవచ్చన్న భావన కూడా నిలవదు. ట్రాఫిక్ చలానా, పెళ్లి శుభలేఖ పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తుంటాయి. ఒకరి ఖాతా మోసగాళ్ల వశమైతే, ఆ ఖాతా నుండే బంధుమిత్రులకు అవి చేరతాయి. శుభలేఖ చిత్రంగానో పీడీఎఫ్‌గానో రావాలి. యాప్‌గా రావలసిన పనిలేదు. అటువంటి యాప్‌కు సందేశాలు చదివే అనుమతి లభిస్తే, బాధితుడు నోరు విప్పకుండానే ఓటీపీ అవతలివారికి అందుతుంది.

3. లంకెను చదివే విధానం:
తత్పురుష సమాసంలో ఉత్తరపదానికి ప్రాధాన్యం. 'రాజభటుడు' భటుడే గాని రాజు కాడు. వెబ్ చిరునామాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 'బ్యాంకుపేరు.కేవైసీ-అప్‌డేట్.కామ్' అన్న చిరునామాకు యజమాని బ్యాంకు కాదు, 'కేవైసీ-అప్‌డేట్.కామ్' పేరును నమోదు చేసుకున్నవారు. ఎడమవైపు ఏ పేరునైనా తగిలించుకోవచ్చు. చిరునామాలో మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడి నుండి ఎడమకు చదవడం అలవరచుకోవాలి. బ్యాంకులు 2025 అక్టోబరు 31 నాటికి '.బ్యాంక్.ఇన్' డొమైన్‌కు మారాలని భారతీయ రిజర్వు బ్యాంకు ఆదేశించడం ఈ గుర్తింపును సులభం చేయడానికే.

4. విద్యారంగంలో ప్రత్యేక రూపాలు:
విశ్వవిద్యాలయాలలో మోసానికి అక్కరకు వచ్చేది గౌరవభావం. శాఖాధ్యక్షుని పేరుతో కొత్త ఈ-మెయిల్ నుండి సందేశం వస్తుంది: తాను సమావేశంలో ఉన్నానని, ఫోన్ చేయవద్దని, అత్యవసరంగా గిఫ్ట్ కార్డులు కొని వాటి సంకేతాలు పంపమని. పర్యవేక్షకునికి తిరిగి ఫోన్ చేయడం అమర్యాద అవుతుందేమోనన్న సంకోచమే ఇక్కడ కొక్కెం. మరొక రూపం నకిలీ పత్రికలు. ఒక ప్రామాణిక పత్రిక పేరును, ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్యను వాడుకొని వెబ్‌సైటు సృష్టించి, ప్రచురణ రుసుము వసూలు చేస్తారు. పరిశోధకుడు సొమ్ముతో పాటు వ్యాసాన్నీ పోగొట్టుకుంటాడు.

రెండింటికీ నివారణ ఒక్కటే. సందేశంలోని నంబరును, లంకెను వదలి, ముందే తెలిసిన నంబరు ద్వారానో ముద్రిత ప్రతిలోని చిరునామా ద్వారానో నిర్ధారించుకోవాలి. 'సరిచూసుకోవడం అవిధేయత కాదు' అని ఆచార్యులే ముందుగా విద్యార్థులకు చెప్పడం అవసరం.

5. నష్టం జరిగినప్పుడు:
ఖాతాదారు తన రహస్య వివరాలను తానే వెల్లడించినట్లయితే, బ్యాంకుకు తెలియజేసే వరకు కలిగిన నష్టం అతనిదేనని, తెలియజేసిన తరువాత కలిగే నష్టం బ్యాంకుదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన మార్గదర్శకాలు పేర్కొన్నాయి. సిగ్గుతో మౌనంగా గడిపే ప్రతి గంటకూ మూల్యం ఉంటుందని దీని అర్థం. మొదట బ్యాంకుకు, వెంటనే జాతీయ సహాయవాణి 1930కి తెలియజేయాలి. సందేశాన్ని చెరిపివేయకుండా సాక్ష్యంగా భద్రపరచాలి. కంప్యూటర్ వనరుల ద్వారా వేరొకరిలా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66డి సెక్షన్ ప్రకారం నేరం. మూడేండ్ల వరకు కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

ముగింపు:
భాషాదోషాలు లేని మోసపూరిత సందేశాలు పెరుగుతున్నకొద్దీ, విద్యావంతుల భాషాజ్ఞానం ఒక్కటే వారికి రక్షణ కాబోదు. సందేశం కోరుతున్న పనిని గుర్తించడం, చిరునామాను కుడి నుండి చదవడం, వేరొక మార్గంలో నిర్ధారించుకోవడం, నష్టం జరిగితే జాప్యం లేకుండా తెలియజేయడం అన్నవి పాటించవలసిన నాలుగు అంశాలు. వీటిని పరిశోధక విద్యార్థుల ప్రవేశ శిక్షణలో చేర్చడం ఏ శాఖకైనా అదనపు వ్యయం లేని పని.