అత్యవసర వైద్య విద్యార్థుల సన్నాహము

దారిలో పడిపోయినవానిని మన పూర్వులు నులకమంచముమీదనో, ఎడ్లబండిలోనో వైద్యశాలకు చేర్చెడివారు. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున 108 సేవ ఆరంభమైన పిమ్మట ఆ మూడంకెల పిలుపునకు అంబులెన్సు వచ్చుట మన జనులకు అలవాటైనది. అందు బండి నడపువారొకరు, రోగిని కనిపెట్టి చూచువారొకరు. ఈ రెండవవారిని గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేసెదను. వీరు వైద్యులు కారు. కాని వైద్యుని చేరువరకు రోగి ప్రాణము వీరి చేతిలో నుండును.

ఈ విద్య పుస్తకములతో ముగియదు. విద్యార్థి వైద్యశాలలో కొంతకాలము పనిచేయవలెను. జాతరలయందును, పుష్కరములయందును స్వచ్ఛంద సేవకుడుగ నిలువవలెను. ఈ రెండు తావులకును సన్నాహము వేరువేరు.

మొదట వైద్యశాల మాట. హెపటైటిస్-బి యను కాలేయవ్యాధి రక్తమువలన సోకును. దానికి టీకా మూడు విడతలు: మొదటిది వేసికొన్న నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. కావున రేపు వార్డులో ప్రవేశింపవలసిన విద్యార్థి నేడు టీకాకు పరుగెత్తిన పూర్తి రక్షణ కలుగదు. ఒకవేళ రోగికి వాడిన సూది తనకు గ్రుచ్చుకొన్నచో, గాయమును పిండక సబ్బునీటితో కడిగి, తత్క్షణమే పై అధికారికి చెప్పవలెను. హెచ్.ఐ.వి. సోకకుండ నిచ్చు మందు 72 గంటలలోపల, ఎంత త్వరగా నైన అంత త్వరగా, మొదలిడవలెను. చీవాట్లకు జడిసి దాచుట తన ప్రాణమునకే ముప్పు.

చేతుల శుభ్రత రెండవది. సబ్బుతో నైనచో 40 మొదలు 60 సెకండ్లు పట్టును. రోగిని తాకుటకు ముందును, తాకిన పిదపను కడుగుకొనుట అందరెరుగుదురు. రోగి మంచపు కమ్మిని, దుప్పటిని తాకినను కడుగుకొనవలెనని పలువురు మరతురు. క్రిములు రోగిదేహముననే కాక వాని పరిసరములందును నిలుచును.

మూడవది శ్వాసను లెక్కించుట. విశ్రాంతిగా నున్న పెద్దవారు నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములు ఊపిరి తీతురు. లెక్కించుచున్నామని చెప్పినచో రోగి తెలియకయే ఊపిరి తీరు మార్చును. కావున నాడి చూచునట్లు మణికట్టు పట్టుకొని, నిండు నిమిషము రొమ్మును గమనింపవలెను. నూరుగురి శ్వాసను ఓపికతో చూచిన విద్యార్థి నూటయొకటవవాని ఆపదను చూపుతోనే పసిగట్టును. వార్డులో నేర్వవలసిన విద్యలలో ఇది తక్కువది కాదు.

నాల్గవది మాట. రోగిని వైద్యునికి అప్పగించునపుడు ఏమి జరిగినది, ఏ గాయము కనబడినది, నాడి, శ్వాస, రక్తపుపోటు ఎట్లున్నవి, మనమేమి చేసితిమి అను వరుసలో నిమిషములోపల చెప్పవలెను. రోగితోనైనచో, “అమ్మా, చేయి పట్టుకొని చూచెదను” అని అనుమతి యడిగి మరి తాకవలెను. అచట విన్నది బయట పొక్కరాదు.

ఇక జనసమ్మర్దము. 2015వ సంవత్సరము జూలై 14వ తేదీన, గోదావరి పుష్కరముల తొలినాడే, రాజమహేంద్రవరమున త్రొక్కిసలాటలో కనీసము 27 మంది యాత్రికులు మరణించిరి. ఇట్టి చోట్ల జనులు కాళ్లక్రింద నలిగియే చత్తురని పలువురు తలతురు. అది కొంతవరకే నిజము. నాలుగు ప్రక్కల ఒత్తిడిచే రొమ్ము విచ్చుకొనక, నిలుచున్నవారు నిలుచున్నట్లే ఊపిరాడక పోవుదురు. కేక వేయుటకును ఊపిరి కావలెను గదా! కావున సేవకుడు కేకలకై చెవియొగ్గి యుండుట చాలదు. మాటలేక తేలవేసిన ముఖములను కనిపెట్టవలెను. గుంపు అలవలె ఊగుట కనబడినచో వెంటనే అధికారులకు తెలుపవలెను గాని, తాను లోపల దూకరాదు.

ముందునాడే ఆ తావంతయు నడచి చూచుట మేలు. అంబులెన్సు ఏ దారిని వచ్చును, ప్రథమ చికిత్స శిబిరమెచట, గుండెకు విద్యుద్ఘాతమిచ్చు యంత్రమెచట అనునవి కాగితముమీద వ్రాసి జేబులో నుంచుకొనవలెను. లక్షలమంది కూడిన చోట ఫోను పలుకకపోవచ్చును.

వడదెబ్బ తగిలి ఒడలు కాలుచు, మాట తడబడుచున్నవానిని అచటనే నీళ్లతో తడిపి విసరవలెను. బండి వచ్చునని వేచియుండరాదు. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు. పిలిచిన పలుకక, సరిగా ఊపిరి తీయనివాని రొమ్ము నడుమ, నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు, 5 మొదలు 6 సెంటీమీటర్ల లోతున నొక్కవలెను. నడుమనడుమ ఎగబీల్చుట ఊపిరి కాదని విద్యార్థి ఎరుగవలెను.

ఒక్కసారి పలువురు గాయపడినపుడు అన్నిటికంటె కష్టమైన పరీక్ష ఎదురగును. బిగ్గరగా నేడ్చువాని యొద్ద కూర్చుండిపోవుట మనుష్యస్వభావము. కాని నడువగలవారిని ముందు ఒక ప్రక్కకు పిలువవలెను, వారిది పచ్చగుర్తు. నిమిషమునకు 30 కంటె నెక్కువగా ఊపిరి తీయువారు, మణికట్టున నాడి దొరకనివారు, చెప్పినమాట గ్రహింపలేనివారు ఎర్రగుర్తువారు. వారికే తొలి సహాయము. మిగిలినవారు పసుపుగుర్తువారు. ఊపిరిదారి తెరచినను ఊపిరి లేనివారికి నల్లగుర్తు. ఈ చివరిగుర్తు పెట్టుట ఎంతటివారికైనను హృదయవిదారకము. కావుననే తరగతిలో ముందుగా పలుమారు అభ్యాసము చేయింపవలెను; పని ముగిసిన పిదప గురువులు విద్యార్థులను కూర్చుండబెట్టి వారి మనసులోని మాట వినవలెను. “ఇది నాకు రాదు, తెలిసినవారిని పిలిచెదను” అనుటయు విద్యలోని భాగమే యని నేర్పవలెను.

గోదావరికి మరల పుష్కరములు వచ్చునది 2027వ సంవత్సరమున. స్నానఘట్టములకు మరమ్మతులు, బాటలకు కంకర, దీపములకు తీగెలు అను పద్దులలో ఈ పిల్లల శిక్షణయు ఒక పద్దుగా చేరవలెను. మెట్లు కొన్నినాళ్లలో కట్టవచ్చును. చూడనేర్చిన కన్నును అట్లు కట్టుట సాధ్యము కాదు.